విమానం గంటే... మరి ప్రయాణం?

టికెట్టు మీద కనిపించే సమయం వేరు. మన గడప దాటినప్పటి నుంచి గడిచే సమయం వేరు. ఇంటర్వ్యూకో, పరీక్షకో, ఉద్యోగంలో చేరడానికో తొలిసారి విమానం ఎక్కబోతున్నారా? ముందు ఈ లెక్క నేర్చుకోండి.

ఢిల్లీలో ఎల్లుండి ఉదయం పదింటికి ఇంటర్వ్యూ. మీరున్నది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ములకలపల్లిలో. ఫోన్లో వెతికితే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానం 2 గంటల 15 నిమిషాలని చూపిస్తోంది. ‘రెండుంపావు గంటలేగా, ఆ రోజు తెల్లవారుజామున ఎక్కినా సరిపోతుంది’ అనిపిస్తుంది.

అక్కడే ఆగండి. ఆ రెండుంపావు గంటల్లో పాల్వంచ లేదు, ఖమ్మం లేదు, సూర్యాపేట లేదు. శంషాబాద్‌లో భద్రతా తనిఖీ వరస లేదు. ఢిల్లీలో దిగాక మెట్రో ఎక్కి ఇంటర్వ్యూ జరిగే చోటు వెతుక్కోవడం లేదు. నిజం చెప్పాలంటే అందులో మీ ప్రయాణమే లేదు, విమానం ప్రయాణం మాత్రమే ఉంది.

నగరంలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. ఒక విమానం తప్పితే ఇంకోటి చూసుకుంటారు. మనకు అలా కాదు. అప్పు చేసో, పత్తి అమ్మిన డబ్బులో కొంత తీసో కొన్న టికెట్టు అది. అది తప్పితే టికెట్టు డబ్బుతో పాటు ఇంటర్వ్యూ కూడా పోతుంది. అందుకే రెండు ఊళ్ల విమానాశ్రయాల మధ్య దూరం, సమయం అన్న ఈ చిన్న విషయాన్ని కాస్త లోతుగా చూద్దాం.

పేరు ఒక ఊరిది, స్థలం ఇంకో ఊరిది

మన ప్రాంతం వాళ్లకు ఈ సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ‘భద్రాచలం రోడ్’ అనే రైల్వేస్టేషన్ ఎక్కడుంది? కొత్తగూడెంలో. రాములవారి దర్శనానికని దూరం నుంచి వచ్చి, ఆ పేరు చూసి దిగినవాళ్లు అక్కడి నుంచి మళ్లీ బస్సెక్కి, గోదావరి వంతెన దాటి సుమారు 40 కిలోమీటర్లు వెళ్లాలి.

విమానాశ్రయాలదీ అదే తీరు. ‘హైదరాబాద్’ అంటే శంషాబాద్. 2008 మార్చిలో అక్కడ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలయ్యేదాకా ఊరి నడుమనున్న బేగంపేటే విమానాశ్రయం. ‘విజయవాడ’ అంటే గన్నవరం. ‘రాజమండ్రి’ అంటే మధురపూడి. ‘బెంగళూరు’ అంటే నగరానికి ఉత్తరాన దేవనహళ్లి. అక్కడ దిగి నగరం దక్షిణాన ఉన్న ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లాలంటే, రద్దీ వేళల్లో హైదరాబాద్ నుంచి బెంగళూరుకు ఎగిరినంత సమయం రోడ్డు మీదే పట్టొచ్చు.

కాబట్టి టికెట్టు కొనేముందు ఊరి పేరు చూసి ఊరుకోకండి. విమానాశ్రయం ఎక్కడుందో, మీరు చేరాల్సిన చోటు అక్కడి నుంచి ఎంత దూరమో మ్యాపులో చూడండి. ప్రతి విమానాశ్రయానికీ మూడక్షరాల కోడ్ ఉంటుంది. శంషాబాద్‌కు హెచ్‌వైడీ, గన్నవరానికి వీజీఏ, రాజమండ్రికి ఆర్‌జేఏ. టికెట్టు మీద ఊరి పేరు కంటే ఈ కోడే నమ్మకమైన గుర్తు.

ఎందుకంటే కొన్ని నగరాలకు ఒకటికి మించి విమానాశ్రయాలున్నాయి. గోవాకు దబోలిం, మోపా అని రెండు. ముంబయికి పాతదానికి తోడు 2025 డిసెంబరు నుంచి నవీ ముంబయి కూడా మొదలైంది. లండన్‌కు హీత్రూ, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్ వంటివి అరడజను దాకా ఉన్నాయి. పైచదువుకు విదేశం వెళ్తూ, హీత్రూలో దిగి గాట్విక్ నుంచి ఇంకో విమానం ఎక్కేలా టికెట్టు కొంటే, మధ్యలో బస్సో రైలో పట్టుకుని వెళ్లాలి. దానికి ఆ దేశంలోకి అడుగుపెట్టే వీసా కూడా అవసరం కావచ్చు.

టికెట్టు మీది సమయం ఎక్కడ మొదలవుతుంది?

విమానం నేల వదిలినప్పటి నుంచి నేల తాకేదాకా అని చాలామంది అనుకుంటారు. అది కాదు. విమానం గేటు దగ్గర నుంచి కదిలిన క్షణం నుంచి, గమ్యంలో గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, వరసలో ఆగడం, పైకెక్కడం, దిగేముందు చక్కర్లు కొట్టాల్సి వస్తే కొట్టడం... ఇవన్నీ అందులోనే. ఆలస్యాలకు కాస్త వెసులుబాటు కూడా కలిపే సంస్థలు ఆ సమయాన్ని నిర్ణయిస్తాయి.

దీనివల్లే దూరానికీ సమయానికీ పొంతన కుదరనట్టు కనిపిస్తుంది. శంషాబాద్ నుంచి గన్నవరానికి నేరుగా గీత గీస్తే సుమారు 265 కిలోమీటర్లు. టికెట్టు మీద సుమారు గంట. శంషాబాద్ నుంచి ఢిల్లీకి సుమారు 1,260 కిలోమీటర్లు, అంటే దాదాపు అయిదు రెట్లు. సమయం మాత్రం రెండుంపావు గంటలే. అయిదు రెట్ల దూరానికి అయిదు గంటలు ఎందుకు పట్టలేదు?

రెండు కారణాలు. ఒకటి, నేల మీద తిరగడానికి, ఎక్కడానికి, దిగడానికి పట్టే అరగంట పైచిలుకు సమయం ఏ ప్రయాణానికైనా ఇంచుమించు ఒకటే. రెండు, దగ్గరి ఊళ్లకు తరచుగా వాడే ఏటీఆర్ రకం ఫ్యాన్ల విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. దూరం ఊళ్లకు వాడే ఎయిర్‌బస్, బోయింగ్ జెట్ విమానాలు 800 దాటుతాయి.

ఇంట్లోనే ఒక అంచనా వేసుకోవచ్చు. జెట్ విమానమైతే దూరాన్ని 800తో భాగించి, వచ్చిన సమయానికి 35 నిమిషాలు కలపండి. ఢిల్లీకి 1,260 కిలోమీటర్లు కాబట్టి 95 నిమిషాలు, దానికి 35 కలిపితే 130. అంటే రెండు గంటల పది నిమిషాలు. టికెట్టు మీద ఉన్నదానికి దగ్గరగానే వచ్చింది కదా. ఏటీఆర్ అయితే 500తో భాగించి అరగంట కలపండి.

దూరం మీరే కట్టండి

పదో తరగతి లెక్కలు చాలు. విమానం దూరాన్ని రోడ్డు వెంట కొలవరు, భూగోళం మీద అతి దగ్గరి దారిలో కొలుస్తారు. ఇందుకు మన ప్రాంతమే చక్కని ఉదాహరణ. శంషాబాద్ విమానాశ్రయం అక్షాంశం సుమారు 17.24 డిగ్రీలు, రాజమండ్రిది 17.11. అంటే రెండూ దాదాపు ఒకే అడ్డగీత మీద ఉన్నాయి. రేఖాంశాలు 78.43, 81.82. తేడా 3.39 డిగ్రీలు.

భూమధ్యరేఖ దగ్గర ఒక్కో డిగ్రీ రేఖాంశానికి సుమారు 111.3 కిలోమీటర్లు. ఉత్తరానికి వచ్చేకొద్దీ గీతలు దగ్గరవుతాయి కాబట్టి అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. 17 డిగ్రీల దగ్గర అది సుమారు 0.956. అంటే డిగ్రీకి 106 కిలోమీటర్ల చిల్లర. దాన్ని 3.39తో గుణిస్తే దాదాపు 360 కిలోమీటర్లు. అదే హైదరాబాద్-రాజమండ్రి విమాన దూరం. ఏటీఆర్ లెక్కన 43 నిమిషాలకు అరగంట కలిపితే గంటా పావు.

ఇక్కడో తమాషా ఉంది. ఆ రెండు విమానాశ్రయాలనూ కలుపుతూ మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీయండి. అది మన సత్తుపల్లి ప్రాంతం మీదుగా పోతుంది. గంటా పావులో దాటిపోయే దారి కింద మనం ఉన్నాం. ఆ దారికి రెండు చివర్లున్న విమానాశ్రయాలకు చేరాలంటే మాత్రం మనకు గంటలకు గంటలు పడుతుంది. దూరం అందరికీ ఒకటే, దాన్ని దాటడానికి పట్టే సమయం మాత్రం మీరు ఎక్కడ నిలబడి ఉన్నారో దాన్ని బట్టి ఉంటుంది.

ఎక్కువ దూరం, తక్కువ సమయం

విదేశాలకు వెళ్లే విమానాల్లో ఇంకో వింత కనిపిస్తుంది. ఢిల్లీ నుంచి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిరిండియా విమానం మొదట అట్లాంటిక్ వైపు నుంచి వెళ్లేది. 2016 అక్టోబరులో తూర్పుకు తిరిగి పసిఫిక్ మహాసముద్రం మీదుగా వెళ్లింది. దారి 1,400 కిలోమీటర్లు పెరిగి సుమారు 15,300 అయింది. సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో చేరింది. కారణం గాలి. చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలంగా వీచే జెట్ ప్రవాహాలు విమానాన్ని వెనక నుంచి తోస్తాయి. గోదావరిలో పడవ వాలుకు పోవడానికీ, ఎదురెక్కడానికీ ఉన్న తేడా లాంటిదే ఇది.

2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడిపారు. గోడ మీది మ్యాపులో చూస్తే అది చుట్టుదారిలా అనిపిస్తుంది. గ్లోబు మీద దారం పెట్టి లాగి చూడండి, దగ్గరి దారి అదేనని తెలుస్తుంది. మీ బడిలో గ్లోబు ఉంటే ఈ పని తమ్ముళ్లతో, చెల్లెళ్లతో చేయించండి. ఒక్కసారి చూస్తే మరచిపోరు.

గడియారం కూడా మోసం చేస్తుంది. టికెట్టు మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక. హైదరాబాద్‌లో ఉదయం 10కి బయలుదేరి అక్కడ మధ్యాహ్నం 12:30కి దిగుతుందని ఉంటే, ప్రయాణం రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో ఇదే తలకిందులై, ఎక్కువ సమయం పట్టినట్టు కనిపిస్తుంది. గల్ఫ్‌కు పనికి వెళ్లేవాళ్లు, ఇంట్లోవాళ్లకు ‘ఇన్నింటికి దిగి ఫోన్ చేస్తా’ అని చెప్పేముందు ఈ తేడా చూసుకోవాలి. లేకపోతే ఇంటిదగ్గర అమ్మ ఆ గంటన్నరా కంగారు పడుతూ కూర్చుంటుంది.

ములకలపల్లి నుంచి ఏది దగ్గర?

మన జిల్లా తెలంగాణది కాబట్టి విమానమంటే హైదరాబాదే అనుకోవడం అలవాటు. మ్యాపు వేరేలా చెబుతుంది. ములకలపల్లి నుంచి శంషాబాద్‌కు రోడ్డు దారి 300 కిలోమీటర్లకు పైమాటే. సొంత కారయితే ఆరు గంటలు దాటుతుంది. బస్సులు మారుతూ వెళ్తే ఎనిమిది, తొమ్మిది గంటలు చూసుకోవాలి.

గన్నవరం, మధురపూడి రెండూ అందులో సగం దూరం కూడా ఉండవు. దమ్మపేట, సత్తుపల్లి, నూజివీడు మీదుగా గన్నవరం వెళ్లొచ్చు. అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం, కొవ్వూరు మీదుగా గోదావరి దాటి రాజమండ్రి చేరొచ్చు. కారయితే మూడున్నర గంటల పని. బస్సులు మారితే అయిదు గంటలు అనుకోండి. ఖమ్మం నుంచి దేవరపల్లి దాకా 162 కిలోమీటర్ల నాలుగు వరసల జాతీయ రహదారి సత్తుపల్లి, జంగారెడ్డిగూడెం వైపు నుంచే వెళ్తుంది. కాబట్టి ఈ దారుల్లో పట్టే సమయం ఇంకా మారుతుంది.

అలాగని ఎప్పుడూ దగ్గరిదే మంచిదని కాదు. ఈ మూడు విషయాలు పోల్చి చూడండి.

ఒకటి, నేరుగా విమానం ఉందా? గన్నవరం నుంచి ఢిల్లీకి నేరుగా విమానాలున్నాయి. రాజమండ్రి నుంచి 2024 డిసెంబరులో ఢిల్లీ, ముంబయిలకు నేరుగా మొదలయ్యాయి. చిన్న విమానాశ్రయాల్లో వేళలు సీజన్‌ను బట్టి మారిపోతుంటాయి. కొనే రోజు తప్పకుండా సరిచూసుకోవాలి.

రెండు, విమానం రద్దయితే ఏం చేస్తారు? శంషాబాద్ నుంచి ఢిల్లీకి రోజుకు చాలా విమానాలుంటాయి, ఒకటి పోయినా ఇంకోదానికి మార్చే అవకాశం ఎక్కువ. చిన్నచోట అది పోతే మరుసటి రోజే కావచ్చు.

మూడు, రాత్రి ప్రయాణం కుదురుతుందా? కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్ నుంచి సికింద్రాబాద్‌కు రాత్రి రైలుంది. పడుకుని వెళ్తే తెల్లారేసరికి నగరంలో ఉంటారు. అక్కడి నుంచి పుష్పక్ బస్సులో శంషాబాద్ చేరి, మధ్యాహ్నం విమానం తాపీగా అందుకోవచ్చు. గంటలు ఎక్కువైనా ఒంటికి శ్రమ తక్కువ.

మా జిల్లాకే విమానాశ్రయం వస్తే ఈ తిప్పలు ఉండవు కదా అంటారా? కొత్తగూడెంలో విమానాశ్రయం కావాలన్న మాట ఏళ్లుగా నలుగుతోంది, స్థలాలు చూడటమూ జరిగింది. వరంగల్‌లోని మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయం రాకూడదన్న పాత ఒప్పందపు షరతును నిర్వాహక సంస్థ సడలించాకే దానికి దారి తెరుచుకుంది. రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఒక్కోసారి ఒక ప్రాంతం భవిష్యత్తునే ఆపగలదనడానికి ఇదే రుజువు. వచ్చేది వచ్చినప్పుడు చూద్దాం. ఇంటర్వ్యూ మాత్రం ఇప్పుడు ఉంది.

వెనక నుంచి ముందుకు లెక్కేయండి

‘ఎన్నింటికి బయలుదేరదాం’ అని మొదలుపెడితే లెక్క తప్పుతుంది. ‘ఎన్నింటికి అక్కడ ఉండాలి’ అన్నదగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. పది గంటల ఇంటర్వ్యూకు ముందురోజు సాయంత్రానికే ఢిల్లీలో ఉండాలని మొదట తేల్చుకోండి. గన్నవరం నుంచి మధ్యాహ్నం 3 గంటలకు విమానం ఉందనుకుందాం.

దేశీయ విమానాలకు లగేజీ ఇచ్చే కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. అంటే 2 గంటలకు. గేటు 25 నిమిషాల ముందే మూసేస్తారు. తొలిసారి వెళ్లేవాళ్లు రెండు గంటల ముందు, అంటే ఒంటిగంటకల్లా లోపల ఉండాలి. బస్సులకు అయిదు గంటలు తీసేస్తే ఉదయం 8. బస్సు రాకపోవడం, టైరు పంక్చరు, సత్తుపల్లిలో తదుపరి బస్సు కోసం నిలబడటం... వీటికి గంటన్నర ఉంచుకోండి. ఉదయం 6:30కి ఇల్లు కదలాలి.

ఇక అవతలి వైపు. 5:30కి ఢిల్లీలో దిగుతారు. సామాను తీసుకుని బయటికొచ్చేసరికి 6:15. మూడో టెర్మినల్ అయితే అక్కడి నుంచే న్యూఢిల్లీ స్టేషన్‌కు ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో సుమారు 20 నిమిషాల్లో చేరుస్తుంది. ఇంకో రైలు మారి, నడిచి గది చేరేసరికి 7:30.

ఉదయం 6:30 నుంచి రాత్రి 7:30 దాకా మొత్తం 13 గంటలు. అందులో విమానం రెండున్నర గంటలే, అయిదో వంతు కూడా లేదు. ఇదే విమానం శంషాబాద్ నుంచి ఉంటే అర్ధరాత్రి దాటాక రెండున్నరకే బయలుదేరాలి, లేదా ముందురోజు రాత్రి రైలు పట్టుకోవాలి.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ రైలు పాతిక గంటలకు పైగా తీసుకుంటుంది. దానికి మన ఊరి నుంచి నగరం చేరే సమయం కూడా కలపాలి. డబ్బు ముఖ్యమనుకుంటే, వ్యవధి ఉంటే, రైలే మేలు. ఏది ఎంచుకున్నా పూర్తి గంటలు ఎదురుగా పెట్టుకుని ఎంచుకోండి.

వానాకాలం లెక్క వేరు

జూన్ నుంచి అక్టోబరు దాకా పై లెక్కలేవీ పనికిరావు. మనది వాగుల ప్రాంతం. ఒక్క రాత్రి వానకే కల్వర్టు మీదికి నీళ్లొస్తాయి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. 2024 జులై 18న అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు కట్టకు గండి పడింది. అదే ఏడాది సెప్టెంబరు 1న ఖమ్మం, మహబూబాబాద్ వైపు వరదలకు హైదరాబాద్-విజయవాడ రహదారి మూసుకుపోయింది. కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి.

ఆ రోజే ఖమ్మం జిల్లా నుంచి శంషాబాద్‌లో విమానం ఎక్కి ఉద్యోగానికి తిరిగి వెళ్లాల్సిన ఒక యువతి, ఆమెను దిగబెట్టడానికి కారులో బయలుదేరిన తండ్రి, ఆకేరు వాగు వరదలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. చీకట్లో, వానలో, రోడ్డు మీద ఎంత నీరుందో ఎవరికి తెలుస్తుంది?

కాబట్టి ఈ ఒక్క మాట గుండెలో పెట్టుకోండి. ఏ విమానమూ, ఏ ఇంటర్వ్యూ కూడా పొంగే వాగు దాటేంత విలువైనవి కావు. వానాకాలంలో ప్రయాణముంటే ఒకరోజు ముందే నగరం చేరండి. తెలిసినవాళ్లింట్లోనో, హాస్టల్లో ఉన్న మన ఊరి పిల్లల దగ్గరో ఉండండి. అప్పటికీ దారి మూసుకుపోతే, విమానం బయలుదేరకముందే సంస్థకు ఫోన్ చేసి తేదీ మార్చమనండి. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే డబ్బు పోతుంది. అలా పోయినా పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి అడిగే హక్కు మీకుంది. ఇంటర్వ్యూ పిలిచినవాళ్లకు కూడా వెంటనే మెయిల్ పెట్టండి, వరద ఫొటో జతచేయండి. అర్థం చేసుకునేవాళ్లు చాలామందే ఉంటారు.

ఒక టికెట్టా, రెండు టికెట్లా?

రాజమండ్రి నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి ఇంకో ఊరు... ఇలా మారాల్సి వస్తే రెంటినీ ఒకే బుకింగ్ నంబరు మీద కొనండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే, తర్వాతి దాంట్లో పంపే బాధ్యత విమాన సంస్థది. వంద, రెండొందలు తగ్గుతుందని వేర్వేరుగా కొంటే ఆ బాధ్యత మీదే. సామాను కూడా బయటికి తెచ్చుకుని మళ్లీ ఇవ్వాలి, మళ్లీ తనిఖీ వరసలో నిలబడాలి. విడివిడిగా కొనక తప్పకపోతే మధ్యలో కనీసం నాలుగు గంటల వ్యవధి ఉంచుకోండి. ఢిల్లీ వంటిచోట టెర్మినళ్లు మూడు, ఒకటో టెర్మినల్‌కూ మూడో టెర్మినల్‌కూ మధ్య కిలోమీటర్ల దూరం. టికెట్టు మీద టెర్మినల్ నంబరు చూడటం మరవద్దు.

ఈ లెక్కే ఉద్యోగమైతే

దూరం, వేగం, గాలి, సమయం... ఈ లెక్కలు చేస్తుంటే మీకు సరదాగా అనిపించిందా? అయితే ఈ పనికే జీతమిచ్చే ఉద్యోగాలున్నాయి.

విమానాల మధ్య ఎంత ఎడం ఉండాలో, ఏది ముందు దిగాలో చెప్పేవాళ్లు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు. భారత విమానాశ్రయాల సంస్థ ‘జూనియర్ ఎగ్జిక్యూటివ్’ పేరుతో వీళ్లను తీసుకుంటుంది. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ, లేదా ఈ సబ్జెక్టులు చదివిన ఇంజినీరింగ్ డిగ్రీ అర్హత. గరిష్ఠ వయసు 27 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అయిదేళ్ల సడలింపు. మూలవేతనం 40 వేల రూపాయలతో మొదలవుతుంది. కొత్తగూడెంలోనో, పాల్వంచలోనో ఎంపీసీ కాంబినేషన్‌తో డిగ్రీ చేస్తున్నవాళ్లు ఇంజినీరింగ్ వాళ్లతో సమానంగా పోటీపడగల కొద్ది ఉద్యోగాల్లో ఇదొకటి. ఇంగ్లిష్‌లో స్పష్టంగా మాట్లాడటం తప్పనిసరి కాబట్టి ఇప్పటి నుంచే సాధన చేయండి.

విమానం ఏ దారిలో వెళ్లాలి, ఎంత ఇంధనం నింపాలి, గమ్యంలో వాతావరణం బాగోకపోతే ఎక్కడ దింపాలి అన్నవి తేల్చేవాళ్లు ఫ్లైట్ డిస్పాచర్లు. దూరం, గాలి లెక్కలే వీళ్ల రోజువారీ పని. పైలట్ కావాలంటే ప్రస్తుత నిబంధనల ప్రకారం ఇంటర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు విమానం నడపాలి. ఖర్చు మాత్రం లక్షల్లో ఉంటుంది. అప్పు చేసేముందు పదిసార్లు ఆలోచించాలి.

పెద్ద డిగ్రీ లేకపోయినా దారులున్నాయి. టికెటింగ్, కార్గో, గ్రౌండ్ సిబ్బంది, సరకు రవాణా సంస్థల్లో పనులు ఇంటర్, డిగ్రీతో దొరుకుతాయి. శంషాబాద్ నుంచి మందుల ఎగుమతి పెద్దఎత్తున జరుగుతుంది. ఏ సరకు ఎన్ని గంటల్లో ఎక్కడికి చేరాలో లెక్కేసేవాళ్లు అక్కడ కావాలి. అయితే ‘ఉద్యోగం గ్యారంటీ’ అంటూ వేలకువేలు వసూలు చేసే ప్రకటనలతో జాగ్రత్త. భారత విమానాశ్రయాల సంస్థ నియామకాలు దాని అధికారిక ప్రకటనలోనే వస్తాయి, మధ్యవర్తుల ద్వారా రావు.

ఈ వారం చేయాల్సిన పని

ప్రయాణం ఏదీ లేకపోయినా ఒక కాగితం తీసుకోండి. మీ ఇంటి నుంచి శంషాబాద్, గన్నవరం, మధురపూడి... మూడింటికీ మూడు గడులు గీయండి. ఒక్కోదాని కింద బస్సు ఎక్కడ మారాలి, తొలి బస్సు ఎన్నింటికి, ఆఖరి బస్సు ఎన్నింటికి, ఎంత ఛార్జీ, దారిలో ఏయే వాగులున్నాయి అన్నది రాయండి. డిపోలో అడిగితే కండక్టర్లు చెబుతారు. ఊళ్లో ఇప్పటికే విమానం ఎక్కినవాళ్లుంటే వాళ్లను కూడా అడగండి. ఆ కాగితాన్ని ఫొటో తీసి మీ కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

కాల్ లెటర్లు ఎప్పుడూ వ్యవధి ఇచ్చి రావు. నాలుగు రోజుల్లో రమ్మనే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు మీకు గానీ, మీ పక్కింటి పిల్లకు గానీ ఆ కాగితమే సగం ధైర్యం.